బడి గోడ మీద ఏ మాట రాయాలె?

కొత్తవాడ ఆర్టిస్ట్, వరంగల్:

అందరికీ నమస్తే. నేను బోర్డులు, గోడరాతలు రాసేటోణ్ణి. ఫ్లెక్సీలు వచ్చినంక షాపుల పని తగ్గింది గని బడి గోడలు, గుడి గోడలు, పంచాయతీ గోడలు ఇప్పటికీ బ్రష్‌నే అడుగుతయి. ఇప్పుడు వర్ధన్నపేట అవతల ఒక ఊళ్లె జెడ్పీ హైస్కూల్ పని ఒప్పుకున్న. లోపలి ప్రహరీ, వంటరూం కాడి గోడ, మెట్ల పక్కన, బోరు నల్లాల వెనుక. బొమ్మల సంగతి ఖరారైంది. రాతల సంగతే తేలలే.

మామూలుగ పెద్దసారు ఒక కాయితం ఇస్తడు, అండ్ల ఉన్నది ఉన్నట్టు దించుతం. ఈ సారు కూడ ఇచ్చిండు. జీవితం, సంతోషం మీద ఫోన్ల నుంచి ఏరిన సూక్తులు. ఇచ్చుకుంట ఒక మాటన్నడు: "ఇండ్ల నాకే నచ్చనియి శాన ఉన్నయి. ఏండ్ల సంది ఇవే రాస్తున్నవు గద, ఏది నిలబడ్తదో నీకే ఎరుక. నువ్వే ఏరు." నన్ను ఇంతకుముందు ఎవ్వరు ఇట్ల అడగలే. అడిగినంక నాకు ఆ కాయితం దిక్కు చూస్తె నిద్ర పడ్తలేదు.

సగం మాటల కింద అబ్దుల్ కలాం పేరుంది. మిగిలినయి బుద్ధుని మీద, వివేకానందుని మీద వేసిన్రు. వాళ్లు ఎక్కడ అన్నరో, ఎవరితోని అన్నరో ఒక్కదాని కింద కూడ లేదు. ఒకటే మాటను ఒక బడిల ఒకరి పేరు మీద, ఇంకో బడిల ఇంకొకరి పేరు మీద నాతోనే రాయించిన్రు. మాట మంచిదైతె ఎవరిదైతేంది అంటరు కొందరు. నేనట్ల అనుకోను. ఎందుకో చెప్త.

మా బావ పోయినప్పుడు అక్క వాళ్లింట్ల గోడకు ఒక క్యాలెండర్ ఉండె. నెలకో బొమ్మ, బొమ్మ కింద ఒక సూక్తి. ఆ నెలది "ఏది జరిగినా మన మంచికే". దినాలైనంక నేను పోయేసరికి క్యాలెండర్ గోడ దిక్కు తిప్పి ఉంది. తారీఖులు కూడ కనబడ్తలేవు. గదేందక్కా అంటె, "అది కండ్ల ముందల ఉంటె బుక్క దిగుతలేదురా" అన్నది. పెద్దలు అనే మాటే అది, నేను కూడ శాన గోడల మీద చూసిన. కాని ఆమె ముందల నిలబడి ఆ మాట పైకి చదువుమంటె నా నోరు లేవదు.

అదే అక్కకు పక్కింటి పెద్దమ్మ, జంపఖానాలు నేసే మనిషి, పొద్దుగూకంగనే వచ్చి పక్కన కూసునేది. మగ్గం మీదికెల్లి లేచి వచ్చినట్టే, చేతులకు నూలు పోగులు అంటుకొని ఉండేటియి. ఒకటే మాట అనేది: "ఈ పూటకు తిను బిడ్డా. రేపటి సంగతి రేపు చూద్దాం." ఇప్పుడు ఎవరింట్ల ఆపతి వచ్చినా మా అక్క పోయి ఇదే మాట అంటది. ఇదేం సూక్తి కాదు, ఏ పుస్తకంల లేదు. అయినా మనిషిని లేపింది ఇదే.

అప్పటి సంది నాకొక లెక్క పడ్డది. ఏ మాటైనా సరే, దుఃఖంల ఉన్న మనిషి ముందల నిలబడి పైకి చదవగల్తనా అని చూస్త. చదవలేకపోతె అది గోడకు వద్దు. బడి పిల్లలే గద, వాళ్లకేం దుఃఖం అనొద్దు. నాయిన లేనోళ్లుంటరు. తాగొచ్చి కొట్టే నాయిన ఉన్నోళ్లుంటరు. అవ్వనాయిన వలస పోతె ముసలోళ్ల కాడ ఉండి సదువుకునేటోళ్లుంటరు. "ఎప్పుడూ నవ్వుతూ ఉండు" అని వంటరూం కాడ రాస్తె, పళ్లెం పట్టుకొని లైన్ల నిలబడ్డ ఆ పిల్ల ఏమనుకోవాలె?

పిల్లలు గోడను ఎట్ల సదువుతరో నేను చూసిన, పనిచేసుకుంట చూస్తనే ఉంట. గేటు కాడిది సదవరు, ఉరుకుతుంటరు. సదివేది అన్నం లైన్ల నిలబడ్డప్పుడు, నల్లా కాడ పళ్లెం కడిగే వంతు కోసం ఆగినప్పుడు, క్లాసు బయట నిలబెట్టినప్పుడు. ఆరో తరగతిల చేరిన పిల్లగానికి పదో తరగతి దాకా రోజూ అదే మాట కండ్ల పడ్తది. అర్థం చేసుకుందామని చూడడు, అయినా లోపటికి పోతది. ఆ ఐదేండ్లు తల్సుకుంటెనే నాకు ఇంత పట్టింపు.

నా దిక్కు నుంచి ఒకటి అనుకున్న: "ఓర్చినమ్మకు తేటనీరు." మా నాయినమ్మ నోట్ల ఎప్పుడూ ఉండే సామెత. ఎండకాలం వాగుల చెలిమె తోడితె ముందుగాల ఊరేది బురద నీళ్లే. తొందరపడి ముంచినోళ్ల బిందెల అడుగుకు ఇసుక. ఆమె ఒడ్డుకు కూసొని మొదటి నీళ్లు తోడి పారబోసి, ఊట మల్ల ఊరనిచ్చి, పైన తేరినంక కొబ్బరి చిప్పతోని అడుగు కదలకుంట ఎత్తేది. బిందె మూతికి పాత చీర పేలిక కట్టి, అండ్ల పోసేది. సామెతను ఆమె చెప్పేది తక్కువ, నేను చూసేది ఎక్కువ. దీన్ని నల్లాల కాడ పెడ్దామనుకుంటున్న.

మీరు చెప్పున్రి. బతుకుల మీరు నిజంగ పట్టుకున్న మాట ఏంది? ఎవరు చెప్పిన్రు, ఏ కష్టంల చెప్పిన్రు? పుస్తకం మాటైనా, ఇంట్ల మాటైనా మంచిదే. రెండు మూడు లైన్ల కంటె పెద్దగ ఉండొద్దు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు, రెంటికీ జాగ ఇడువాలె, లేకపోతె దూరం నుంచి కిక్కిరిసి కనబడ్తది.


గ్రూప్స్ ప్రిపరేషన్, హనుమకొండ:

అన్నా, నేను ఇక్కడ రూం తీసుకొని గ్రూప్స్‌కు చదువుతున్న. నా మంచం పైన గోడంతా చీటీలే. మోటివేషన్ వీడియోల్లోంచి రాసుకున్నవి మొదట్ల శాన ఉండె. పొద్దున చదివితే ఉషారొస్తది, మధ్యాహ్నానికి పోతది. ఒక్కొక్కటి పీకేసుకుంట వచ్చిన. మిగిలింది ఒకటి. గ్రీకు తాత్వికుడు ఎపిక్టెటస్‌ది. దాని సారం ఏందంటే: కొన్ని మన చేతిల ఉంటయి, కొన్ని ఉండయి. మన ఆలోచన, మన ప్రయత్నం మన చేతిలయి. పదవి, పేరు, ఆస్తి, చివరికి ఒంట్లె ఆరోగ్యం కూడ పూర్తిగ మన చేతిల లేవు.

నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో, పరీక్ష వాయిదా పడ్తదో నా చేతిల లేదు. ఇయ్యాల లైబ్రరీకి పోయి ఇండియన్ పాలిటీ ఒక చాప్టర్ చదువుడు నా చేతిల ఉంది. ఫలితం ఆగిపోయి రూంమేట్లందరు ఊళ్లకు పోయినప్పుడు కూడ దీంతోనే లేచి కూసున్న. మా ఇంట్ల వ్యవసాయం. వాన ఎవరి చేతిల లేదు, అదునుకు దుక్కి చేసి పెట్టుకునుడు మన చేతిల ఉన్నదని మా బాపు అననే అంటడు. అందుకే ఇది నాకు పరాయి మాట అనిపియ్యలే.

నువ్వు ఎవరు చెప్పిన్రని అడిగినవు గద. ఎపిక్టెటస్ బానిస. రోమ్‌ల ఒకాయన సొత్తుగ బతికిండు, కాలు కుంటి. విడుదలైనంక పాఠాలు చెప్పిండు. రోమ్ నుంచి తాత్వికులను వెళ్లగొడితే గ్రీసుల నికోపొలిస్ పోయి అక్కడ బడి పెట్టిండు. ఆయన సొంతంగ ఒక్క ముక్క రాయలే, అరియన్ అనే శిష్యుడు విని రాసిపెట్టిండు. తర్వాత మార్కస్ ఆరేలియస్ అనే రోమన్ చక్రవర్తి, ఆ పాఠాల ప్రతిని తన చేతికిచ్చిన గురువుకు కృతజ్ఞత చెప్పుకుంట తన నోట్సుల రాసుకున్నడు. ఒక బానిస మాట చక్రవర్తికి ఆసరా అయింది.


కొత్తవాడ ఆర్టిస్ట్:

తమ్మీ, నువ్వు ఆ మనిషి సంగతి చెప్పకపోతె నేను ఈ మాట పక్కకు పెడ్తుంటి. "నీ చేతిల లేనిదాని గురించి బాధపడకు" అని కూలీకి ఆసామి చెప్తె అది నోరు మూయించుడే. జీతం పెంచుమని అడిగినోనికి కూడ ఇదే మాట చెప్పొచ్చు. బానిసగ బతికినోడు, కాలు ఈడ్చుకుంట నడిచినోడు తనకు తాను చెప్పుకున్నడంటె అది వేరే. అందుకే దీని కింద పేరొక్కటే సరిపోదు, ఆయనెవరో కూడ రాయాలె. మెట్ల పక్కన జాగ సరిపోతది. పై తరగతులోళ్లు ఎక్కి దిగేది ఆడికెల్లే.


డయాలసిస్ సిస్టర్, కరీంనగర్:

అన్నా, మీ అక్క క్యాలెండర్ ముచ్చట చదివి చాలాసేపు అట్లనే కూసున్న. మా వార్డుకు వచ్చేటోళ్లు వారానికి మూడుసార్లు వస్తరు, వచ్చినప్పుడల్ల నాలుగు గంటలు మిషన్ పక్కన. ఎదురుంగ గోడకు "చిరునవ్వే సగం మందు" లాంటివి అతికిస్తరు. రెండు లావు సూదులు చేతికి గుచ్చుకొని పండుకున్న మనిషి దాన్ని నాలుగు గంటలు చూడాలె. ఒక పెద్దాయన అటు తల తిప్పకుంట పండుకునేటోడు, మెడ నొస్తదని దిండు మార్చేదాన్ని. కారణం గోడ అని తర్వాత చెప్పిండు.

నీ సామెత సంగతికి వస్తా. కోపం తెచ్చుకోకు. "ఓర్చినమ్మకు తేటనీరు" ఆడపిల్లలు చదివే బడిల రాయొద్దు. చెలిమె కాడ అది నిజమే. ఇంట్ల అది చెలిమె ముచ్చట కాదు. మా కాడికి ఒకామె వచ్చింది. కాళ్లు వాచి, ఆయాసం వచ్చి, రాత్రుళ్లు పండుకోలేక శాన రోజులు తీసింది. ఇంట్ల చెప్తే అత్త, అమ్మ, అందరు ఒకటే మాట: ఓర్చుకో, ఆడోళ్లకు ఇవన్నీ ఉంటయి. డాక్టర్ కాడికి వచ్చేసరికి రెండు కిడ్నీలు పాడైనయి. ముందుగాల వస్తే మొత్తం ఆగుతుండెనో లేదో నేను చెప్పలేను, కాని మందులతోని ఇంకొన్నేండ్లు నెట్టుకొచ్చే అవకాశం పోయింది. ఓర్పు మంచిదే. కాని మన ఊళ్లల్ల ఆ పాఠం ఆడపిల్లలకు బడి చెప్పాల్సిన పని లేదు, పుట్టినప్పటి సంది ఇంట్లనే అందుతది.

నేను సూది పెట్టేముందు ప్రతి ఒక్కరికి చెప్పే మాట ఒకటుంది: "నొస్తే చెప్పు." అంతే. కొత్తగ వచ్చినోళ్లు మొదట్ల చెప్పరు, పండ్లు బిగపట్టుకుంటరు. చెప్తే సూది సర్దొచ్చు, మిషన్ వేగం తగ్గియ్యొచ్చు, డాక్టర్‌ను పిలువొచ్చు. చెప్పకపోతే నేనేం చెయ్యలేను. బడిల కూడ ఇది పనికొస్తదనిపిస్తది. ఎవరన్న కొట్టినా, ఎవరన్న చెయ్యరాని పని చేసినా, కడుపుల నొచ్చినా, మనసుల నొచ్చినా.

బుద్ధుని పేరు మీద కనబడ్డదల్ల రాయకుంట, ఆయన కథల్ల ఆవాల కథ గుర్తు చేసుకో. బిడ్డ చచ్చిపోయిన కిసాగౌతమి శవాన్ని చంకల పెట్టుకొని మందు అడుగుతది. చావు రాని ఇంటికెల్లి ఒక పిడికెడు ఆవాలు తెమ్మంటడు. ఇల్లిల్లు తిరుగుతది. ఆవాలు లేని ఇల్లు లేదు, చావు చూడని ఇల్లూ లేదు. నాకు ఆ కథల నచ్చేది ఏందంటే, ఆయన ఆమెకు నీతి చెప్పలే. ఆమె ఒక్కో గడపల ఒక్కో మనిషి తమ ఇంట్ల ఎవరు పోయిన్రో చెప్తుంటే విన్నది. మా వార్డుల కూడ పక్క బెడ్డు మనిషి "నాకూ మొదట్ల ఇట్లనే ఉండె, మూడో నెల నుంచి ఆకలైంది" అంటే, నేను గంట చెప్పినదానికంటె అదే పనిచేస్తది.


విశ్రాంత తెలుగు పండితుడు, ధర్మపురి:

తమ్ముడూ, బడి గోడ గురించి ఇంత ఆలోచించే మనిషి చేతికి బ్రష్ దొరికినందుకు నాకు సంతోషంగా ఉంది. తెలుగు చెప్పి రిటైరైన వాణ్ణి, అందుకని శతకాలతోనే మొదలుపెడతాను.

సూక్తుల గోడకు ముందుగా రాయాల్సింది సుమతి శతకంలోని ఈ పద్యం:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్

ఎవరు చెప్పినా విను, విన్న వెంటనే నమ్మి ఉరకకు, విచారించుకో. పక్కన ఉన్న మిగతా రాతలన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఫోన్లో వచ్చిన ప్రతిదీ నిజమనుకునే పిల్లలకు ఇప్పుడు మరీ అవసరం. తర్వాతి రెండు పాదాలు క్లాసులో చెప్పించుకోవచ్చు.

"తన కోపమె తన శత్రువు" కూడా ఆ శతకంలోదే. నల్లాల కాడ పళ్లేల కోసం కొట్లాడుకునే పిల్లలకు అప్పటికప్పుడు పరీక్షించుకోవడానికి వీలైన మాట. అయితే నేను మొదటి రెండు పాదాలే రాయమంటాను: "తన కోపమె తన శత్రువు, తన శాంతమె తనకు రక్ష, దయ చుట్టంబౌ." తర్వాత "తన సంతోషమె స్వర్గము, తన దుఃఖమె నరకమండ్రు" అని ఉంది. పద్యంగా నాకు ప్రాణం. కానీ సిస్టరమ్మ చెప్పినట్టు ఆలోచిస్తే, దుఃఖంలో ఉన్న పిల్లవాడు తన నరకాన్ని తానే తెచ్చుకున్నానని అనుకునే ప్రమాదముంది. ఆ రెండు పాదాలు పక్కన కూర్చుని చెప్పేవాళ్లుండాలి. గోడ పక్కన కూర్చోదు.

ఇక మా ఊరి కవి. శేషప్ప. ఈ ధర్మపురి నరసింహస్వామిని ఎదురుగా నిలబెట్టుకొని నరసింహ శతకం చెప్పాడు. ఐశ్వర్యం కోసం నిన్ను కొలవలేదు, పల్లకీ ఇమ్మనలేదు, భూములిమ్మని పొగడలేదు అని దేవుడి ముందే తెగేసి చెప్పిన మనిషి. ఆయన సీసపద్యంలో ఈ మాటలు:

లక్షాధికారైన లవణమన్నమె కాని
మెఱుగు బంగారంబు మ్రింగబోడు

ఎంత లక్షాధికారైనా తినేది ఉప్పూ అన్నమే, బంగారం మింగలేడు. దీన్ని వంటరూం గోడకు రాయి. సర్కారు బడిలో సన్నపప్పు అన్నం తింటున్న పిల్లకు ఎదురుగా ఈ రెండు పంక్తులుంటే ఆ పళ్లెం చిన్నబోదు. ఇది పేదవాడికి సర్దుకొమ్మని చెప్పిన మాట కాదని గమనించు. కూడబెట్టేవాడి వైపు వేలు చూపించిన మాట. అదే పద్యం చివర, దాచి దాచి ఆఖరుకు దొంగలకో దొరలకో ఇస్తారు, తేనెటీగలు కూడబెట్టిన తేనె బాటసారుల పాలైనట్టు అంటాడు. మా క్లాసులో ఈ పద్యం చెప్పిన రోజు పిల్లలు ఊళ్లో ఉన్న షావుకార్లందరినీ లెక్కపెట్టేవాళ్లు, నేను ఆపేవాణ్ణి కాదు.

నువ్వు "ఎవరు, ఏ కష్టంలో చెప్పారు" అని అడిగావు. అలా వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు మన గోదావరి ఒడ్డునే ఉన్నారు. బౌద్ధుల సుత్తనిపాతంలో పారాయణవర్గం అని ఉంది. గోదావరి తీరాన, అస్సక దేశంలో బావరి అనే ముసలి బ్రాహ్మణుడు ఉండేవాడు. నిర్మల్ జిల్లా ఖానాపూర్ వైపు బాదనకుర్తే ఆయన ఉన్న చోటు అని కొందరు చరిత్రకారుల మాట. ఒకడు వచ్చి ఐదువందలు ఇమ్మంటాడు. లేవంటే, ఏడు రోజుల్లో నీ తల ఏడు ముక్కలవుతుందని శపిస్తాడు. బావరికి తిండి సహించదు. అప్పుడు తన 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి ప్రశ్నలతో పంపుతాడు. పైఠాన్ మీదుగా, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి దాటి రాజగృహం దాకా నడిచారు. వాళ్లలో అజితుడు మొదట అడిగింది: లోకం దేనితో కప్పబడి ఉంది? అజ్ఞానంతో, అని జవాబు. శాపం సంగతికీ అదే: అజ్ఞానమే ఆ తల, జ్ఞానమే దాన్ని పగలగొట్టేది.

ఆ 16 మందిలో పింగియుడు ముసలివాడు. ఒంట్లో బలం లేదు, చూపు ఆనడం లేదు అని బుద్ధుడితోనే చెప్పుకున్నాడు. తిరిగి బావరి దగ్గరికొచ్చి విన్నదంతా చెబుతాడు. ఈ ముసలితనంలో మళ్లీ నడిచి వెళ్లలేను, మనసుతో రాత్రింబవళ్లు ఆయనను చూస్తూనే ఉన్నాను అంటాడు. బుద్ధుడి పేరు మీద నీ గోడకు ఏదైనా కావాలంటే అజితుడి ప్రశ్న, జవాబు రాయి. మన నది పేరు కూడా వస్తుంది.

పెద్దసారు కాళోజీ మాట కూడా రాయమనవచ్చు. "పుట్టుక నీది, చావు నీది, బతుకంతా దేశానిది" రాస్తే, అది లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ పోయినప్పుడు ఆయన గురించి రాసిందని కింద చిన్న అక్షరాల్లో పెట్టు. కాళోజీ తన గురించి తాను చెప్పుకున్నాడనుకునేవాళ్లు నాకు చాలామంది తగిలారు. సందేహమున్న పాఠాలు హనుమకొండలోనే చూసుకోవచ్చు. 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం మీ ఊళ్లో ఉండగా ఫోన్ మీద ఆధారపడటం దేనికి?


బీడీల చాటలు, కోరుట్ల:

అన్నా, నేను రాసుడు తక్కువ, చదువుడే. మా ఆయన దుబాయ్‌ల ఉంటడు. ఇద్దరు పిల్లలు. ఆయన పోయిన కొత్తల నేను ఊకె ఏడుస్తుంటే మా అమ్మ బీడీలు చుట్టుకుంటనే ఒక మాటన్నది: "ఏడ్వు, గని చేతులు ఆగనియ్యకు." కఠినంగ అనిపిచ్చింది అప్పుడు. మా అమ్మ కూడ అట్లనే బతికిందని ఎరుకై, మనసుకు పట్టింది. ఇది గోడకు పనికి రాదు, నాకు తెలుసు, పిల్లలకు చెప్పే మాట కాదు. ఒకటి అడుగుతా. పిల్లలు ఇంట్లకెల్లి తెచ్చిన మాటలకు గోడ మీద జర జాగ ఇడువరాదు? మా పెద్దోడు వాళ్ల తాతతోని ఫోన్ల మాట్లాడితే రోజూ ఏదో ఒకటి తెస్తడు.


కొత్తవాడ ఆర్టిస్ట్:

అందరికీ పేరుపేరున దండాలు. రాత్రి మల్ల మల్ల చదివిన. పెద్దసారుకు కూడ చూపిచ్చిన, ఆయన సిస్టరక్క రాసింది రెండుసార్లు చదివిండు.

సిస్టరక్కా, కోపమెందుకు. నువ్వు చెప్పింది నా లెక్కకే సరిగ్గ కూసున్నది. కాళ్లు వాచిన ఆ తల్లి ముందల నిలబడి ఓర్చినమ్మకు తేటనీరు అని నేను చదవలేను. అందుకే గోడకు వద్దు. నాకు మాత్రం ఆ సామెత చెలిమె ఒడ్డు మీదనే ఉంటది, మా నాయినమ్మ చెయ్యి చూసినోణ్ణి కాబట్టి.

నేను అనుకున్నది ఇట్ల. వంటరూం గోడకు శేషప్ప. పెద్ద అక్షరాలు, మీగడ రంగు మీద నీలం. ఎరుపు పెడ్దామన్నడు సారు, వద్దన్న, ఆ గోడకు పడమటి ఎండ పడ్తది, ఎరుపు తొందరగ తేలిపోతది. కింద "శేషప్ప కవి, ధర్మపురి" అని. నల్లాల కాడ తన కోపమె తన శత్రువు, మీరు చెప్పినకాడికే. మెట్ల పక్క బానిసగ బతికిన ఎపిక్టెటస్. తమ్మీ, వచనం నువ్వే మంచిగ కుదించి పంపు, పది పన్నెండు మాటలల్ల రావాలె.

గేటు కాడ ఎవ్వరు సదవరని చెప్పిన గద, అక్కడ పిల్లలకు కాదు, మీటింగులకు వచ్చే పెద్దోళ్లకు పనికొస్తదని "వినదగు నెవ్వరు చెప్పిన" పెడ్తున్న. అజితుని ప్రశ్న ఎనిమిదో తరగతి బయట, గోదావరి బొమ్మ పక్కన. జవాబు రాయను, ప్రశ్న ఒక్కటే రాస్త. లోకం దేనితోని కప్పి ఉన్నదో పిల్లలు ఏమంటరో విందామని సారుకు కూడ ఆశగ ఉంది. కాళోజీని ఆఫీసు రూం ముంగట, జయప్రకాశ్ నారాయణ్ ముచ్చటతోని.

"నొస్తే చెప్పు" ఆడపిల్లల బాత్రూంల తొవ్వల ఒకటి, క్లాసుల బయట పిల్లలను నిలబెట్టే వరండాల ఒకటి. దీనికింద పేరు ఏం రాయాలె? నేను "డయాలసిస్ వార్డు సిస్టర్, కరీంనగర్" అని అనుకుంటున్న. పెద్దసారు ఒక మాట అడిగిండు: పిల్ల నిజంగనే వచ్చి చెప్తె వినే మనిషి ఉండాలె గద అని. ఒక మేడం పేరు, ఏ టైంల ఏ రూంల ఉంటదో కూడ దాని పక్కనే రాయిస్త అన్నడు. అది నాకు తట్టలే. మంచిగనిపిచ్చింది.

కోరుట్ల చెల్లె, నీ మాట కూడ కుదిరింది. వరండా చివర మూడడుగుల జాగకు బోర్డులకు వేసే నల్ల పెయింట్ వేస్తున్న. పిల్లలు ఇంట్లకెల్లి తెచ్చిన మాట సుద్దముక్కతోని రాసుకుంటరు, తుడుచుకుంటరు. ఎవరు చెప్పిన్రో కూడ రాయాలె అని ఒక్కటే షరతు.

పంతులు సారూ, ఒక్క సందేహం. పుస్తకంల చూస్తె శేషప్ప పద్యంల అరసున్నలు ఉన్నయి, మెఱుగుల బండి ఱ ఉంది. పిల్లలకు అవి రాయాల్నా వద్దా? మ్రింగబోడు అనే రాయాల్నా, మింగబోడు అనాల్నా?


విశ్రాంత తెలుగు పండితుడు, ధర్మపురి:

అరసున్నలు తీసేయి, ఇప్పటి పాఠ్యపుస్తకాల్లోనూ చాలావరకు వాడటం లేదు. మెరుగు అని మామూలు ర తో రాయి, చదవడానికి అడ్డం రాదు. "మ్రింగబోడు" మాత్రం అలాగే ఉంచు, రేపు శతకం చేతికొచ్చినప్పుడు పిల్లలు గుర్తుపట్టాలి. పంక్తిని మధ్యలో విరవకు. "లవణమన్నమె కాని" దాకా ఒక లైనులో పట్టాలి, జాగ చాలకపోతే అక్షరం చిన్నది చెయ్యి. వంటరూం గోడ మీద సుద్దతో గీతలు గీసి అక్షరాలు పెట్టుకోగానే ఇక్కడ ఫోటో వెయ్యి. తప్పులుంటే రంగు పడకముందే చెబుతాను.